సఖినేటిపల్లి రేవులో మా నాన్నగారిని ఆదుకున్న మీ అందరికీ

నర్సాపురం, సఖినేటిపల్లి వాళ్లు ఎక్కువమంది చదువుతారని ఇక్కడ రాస్తున్నాను. పోయిన శనివారం సాయంత్రం సఖినేటిపల్లి రేవులో జారిపడి తలకి దెబ్బ తగిలిన పెద్దాయన మా నాన్నగారు. ఇప్పుడు బాగున్నారు. కుట్లు పడ్డాయి, స్కానింగులో భయపడాల్సిందేమీ లేదన్నారు.

ఆయన శనివారం శనివారం అంతర్వేది వెళ్లి నరసింహస్వామి దర్శనం చేసుకుని, చీకటి పడేలోపు మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే పంటు మీద ఇటు నర్సాపురం వచ్చేస్తారు. ఆ రేవు సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. సముద్రం దగ్గరే కాబట్టి గోదావరి పాయ వశిష్ఠలో పోటూ పాటూ ఉంటాయి. పాటు వేళ నీళ్లు దిగిపోతే ఏటవాలుగా ఉన్న గట్టు చివర పాచి పట్టి నూనె పోసినట్టుంటుంది. అక్కడే బండి నెట్టుకుంటూ దిగుతుంటే కాలు జారింది.

అప్పటికే పంటు కదిలిందట. గట్టు మీద కేకలు విని పంటు నడిపే సరంగు గారు మళ్లీ వెనక్కి తిప్పి ఒడ్డుకి చేర్చారు. పంటు పనివాళ్లు, కళాసీలిద్దరు దిగి నాన్నగారిని చేతుల మీద ఎక్కించారు. పంటు మీదున్నవాళ్లలో రైలు అందుకోవాల్సినవాళ్లు కూడా ఉన్నారట. ఒక్కరంటే ఒక్కరు విసుక్కోలేదని నాన్నగారు ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పారో.

రక్తం ఆగకపోతే, లేసు మూట తీసుకుని నర్సాపురం వస్తున్న ఒకావిడ ఆ మూట విప్పేశారు. లేసులు ఒళ్లో వేసుకుని, వాటికి చుట్టిన పాత నేతచీర ముక్కని మడతలు పెట్టి నాన్నగారి తలకి అదిమి కట్టారు. అవతలి ఒడ్డు వచ్చేదాకా చెయ్యి తియ్యలేదు. మన నర్సాపురం లేసుకి 2024లో జీఐ (ఈ ప్రాంతపు ప్రత్యేక సరుకన్న) గుర్తింపు వచ్చింది, విదేశాలకీ వెళుతుంది. కానీ అల్లినవాళ్ల చేతికొచ్చేది ఎంతో మన ఊళ్లలో అందరికీ తెలుసు. తెల్లటి లేసు మీద చిన్న మరక పడినా సరుకు వెనక్కి కొట్టేస్తారు. అది తెలిసీ ఆవిడ ఒక్క క్షణం ఆలోచించలేదు. అమ్మా, మీ పేరు కూడా అడగలేకపోయాం.

హైదరాబాదులో ఉన్న నాకు నాన్నగారి ఫోన్ నుంచే కబురొచ్చింది. "మీ నాన్నగారేనాండీ? చిన్న దెబ్బండి, మాట్లాడుతున్నారు, ఇదిగో వినండి" అని ముందు ఆయన గొంతు వినిపించి, తర్వాత సంగతి చెప్పాడు ఎవరో అబ్బాయి. ఎంత తెలివైనవాడో! అలా చెప్పకపోయుంటే నా గుండె ఆగిపోయేది.

ఇక ఆటో తమ్ముడు. అదే పంటు మీద కొబ్బరికాయల లోడుతో వస్తున్నాడు. నర్సాపురం వైపు రేవు మాధవాయిపాలెం ఒడ్డు తగలగానే కాయలన్నీ రేవులోనే దించేసి నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మా అమ్మ, పిన్ని వచ్చేదాకా బయటే కూర్చున్నాడు. డబ్బులిస్తే, "మా నాన్నైతే తీసుకుంటానాండీ" అని వెళ్లిపోయాడు. ఆ కాయలకి కాపలా ఉన్నవాళ్లెవరో, వాళ్లకీ దణ్ణం.

అటు ఒడ్డున ఉండిపోయిన బండిని టీ కొట్టాయన లోపల పెట్టి తాళం వేసి, మర్నాడు ఇటు పంపించారు. పంటు టికెట్టు కూడా ఆయనే పెట్టుకున్నారు.

వంతెనకి శంకుస్థాపనలు చూస్తూనే పెరిగాం. అది లేకపోబట్టి చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగాలి, లేదా పంటు ఎక్కాలి. వంతెన రావాలి, అందులో రెండో మాట లేదు. ఈలోగా పాటు వేళ ఆ పాచి గీకించి, గట్టు పక్కన పట్టుకోవడానికి ఒక గొలుసు కట్టించమని రేవుని వేలంపాటలో పాడుకున్నవారిని కోరుతున్నాను. ఖర్చులో మా వంతు మేం ఇస్తాం.

లేసు అమ్మగారు ఎవరో తెలిసినవాళ్లు దయచేసి టీ కొట్టాయనకి చెప్పండి. మరక పడి ఏ లేసైనా వెనక్కి వచ్చుంటే అది మేం కొనుక్కుంటాం. మా అమ్మ స్వయంగా వచ్చి ఆవిడకి పసుపు కుంకుమ, చీర పెట్టాలని ఎదురుచూస్తోంది.