ఇంకాల సామ్రాజ్యం పటం సరిచేయండి

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ విద్యా పేజీలో, స్పెయిన్‌వాళ్లు రాకముందు దక్షిణ అమెరికాను ఏలిన ఇంకాల సామ్రాజ్యం పటం చూసి బాధ కలిగింది. అమెజాన్ అడవులతో సహా సగం దక్షిణ అమెరికాకు ఒకే రంగు పూశారు. పైగా రాజధాని మాచు పిచ్చు అట! పోటీ పరీక్షల పిల్లలు ఈ పేజీలు కత్తిరించి దాచుకుంటారన్న సంగతి మీకు తెలియనిదా?

రాజధాని కుస్కో, 3,400 మీటర్ల ఎత్తున ఉంది. మాచు పిచ్చు అంతకంటే దాదాపు వెయ్యి మీటర్లు కిందున్న రాచవిడిది. రాజ్యమంతా ఆండీస్ వెంబడి సాగిన పొడవాటి పట్టీ: కొలంబియా దక్షిణపు కొస నుంచి చిలీలో మౌలే నది దాకా సుమారు 4,000 కిలోమీటర్లు. ఈక్వెడార్, పెరూ, పశ్చిమ బొలీవియా, వాయవ్య అర్జెంటీనా మధ్యలో వస్తాయి. బ్రెజిల్ రాదు. తూర్పున కొండవాలు దిగి అడవి మొదలయ్యేసరికి వాళ్ల పట్టు సడలింది. దక్షిణాన మపుచే తెగవాళ్లు నిలువరించారు.

పటానికి కాలం వేయకపోవడం ఇంకో పెద్ద తప్పు. 1438 ప్రాంతంలో పచకూటి గద్దెనెక్కేనాటికి అది కుస్కో చుట్టుపక్కల చిన్న రాజ్యం. చిమూ రాజ్యపు తీరం, చిలీ, క్విటో తర్వాత కలిశాయి. 1532లో పెరూలోని కహమార్కాలో ఇంకా చక్రవర్తి అటవాల్పా స్పెయిన్‌వాళ్లకు చిక్కాడు. వందేళ్లయినా నిండని ఈ విస్తరణను ఒక్క గీతతో చూపిస్తే ఎలా?

ఎత్తులూ చూపాలి. తీరంలో ఎడారి, లోయల్లో మొక్కజొన్న, 3,500 మీటర్లు దాటాక బంగాళాదుంప, 4,000 పైన లామాల మేత. ఇన్ని రకాల నేలలను కలిపింది 30,000 కిలోమీటర్లకు మించిన దారులు. లోతైన లోయలపై గడ్డితాళ్ల వంతెనలు వేలాడదీశారు. అపురిమాక్ నది మీద కెస్వచాకా అనే వంతెనను నాలుగు ఊళ్లవాళ్లు ఇప్పటికీ ఏటా కొత్తగా అల్లుతున్నారు. గడ్డిని సన్నగా పేని, ఆ పేటలు కలిపి మోకులు చేస్తారు; అడుగుకు నాలుగు, చేతిపట్టుకు రెండు. ఏడాది తిరిగేసరికి ఎండకూ వానకూ గడ్డి చివికిపోతుంది కాబట్టి పాతది తెంచి నదిలోకి వదిలేస్తారు.

గైడ్లు అచ్చేసేవాళ్లూ నెట్‌లో దొరికిన పటాన్నే దించుకుంటున్నారు. అడిగే అధికారి లేడు, సరిచూసే పండితుడు లేడు. కనీసం పత్రికలైనా పట్టించుకోవద్దా?

సరిచేసిన పటాన్ని అదే పేజీలో, అంతే సైజులో వేయండి. కుస్కో నుంచి నాలుగు దిక్కులకూ విడిపోయిన చించాయ్‌సుయు, అంటిసుయు, కొల్లాసుయు, కుంటిసుయు అనే నాలుగు భాగాలకు వేర్వేరు రంగులు వేసి, ఏ ప్రాంతం ఎవరి కాలంలో చేరిందో పక్కన రాయండి.

— ఒక పాఠకుడు