రక్షణ మంత్రి గారికి ఒక పాత ఉస్తాద్ లేఖ: మా పిల్లలకు కుస్తీ పట్టు నేర్పించండి

గౌరవనీయులైన భారత రక్షణ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను 24 ఏళ్లు సైన్యంలో పనిచేసి హవల్దార్‌గా రిటైరయ్యాను. అందులో తొమ్మిదేళ్లు ఉస్తాద్‌గా రిక్రూట్లకు పీటీ, ఆయుధం లేకుండా చేసే పోరాటం నేర్పాను. ఇప్పుడు గిద్దలూరు దగ్గర మా ఊళ్లో సేద్యం చేసుకుంటున్నాను. ఈ విషయం మీద మీకు రాస్తున్న ఐదో లేఖ ఇది. ముందు నాలుగూ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, రశీదులు నా ట్రంకుపెట్టెలో భద్రంగా ఉన్నాయి. మొదటి రెండింటికీ జవాబు లేదు. మూడోదానికి ‘మీ సూచనను సంబంధిత విభాగానికి పంపించాం’ అని రెండు లైన్ల కాగితం వచ్చింది. నాలుగోదానికీ అవే రెండు లైన్లు వచ్చాయి. అవేవీ మీ చేతి దాకా రాలేదనే నమ్ముతున్నాను. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

సైన్యంలో నేర్పే ‘అమర్’ (ఆర్మీ మార్షల్ ఆర్ట్స్ రొటీన్) గురించి గానీ, అగ్నివీర్ల ట్రైనింగ్ గురించి గానీ మీకు నేను చెప్పాల్సిన పని లేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నేను చూసిన చోట మన పిల్లలకు గుద్దడం, తన్నడం బాగా నేర్పుతున్నారు. మీదపడి పట్టుకున్నవాణ్ని ఏం చేయాలో నేర్పడం లేదు. ఒకటి రెండు పట్లు చూపించినా, ఎదుటివాడు నిజంగా బలం పెట్టి పట్టుకుంటే విడిపించుకోగలరా లేదా అని చేయించి చూడటం లేదు.

మా అక్క కొడుకు అగ్నివీర్. పోయిన దసరాకి సెలవు మీద వచ్చాడు. సాయంత్రం కళ్లంలో నిలబడి ‘‘మావయ్యా, చూడు’’ అని గాల్లోకి మూడు తన్నులు తన్నాడు. కాలు నా తల ఎత్తుకి లేచింది. పెద్ద ఆఫీసర్లు వచ్చినప్పుడు పెంకులు పగలగొట్టే టీములో వాడు ముందు వరసలో ఉంటాడట. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. సరే, దగ్గరికి రమ్మని ఒక చేత్తో వాడి కాలర్, ఇంకో చేత్తో మోచేతి దగ్గర చొక్కా పట్టుకుని నా మీదికి లాగాను. నాకు 51 ఏళ్లు, ఎడమ మోకాలు నొప్పి. వాడికి ఇరవై. వాడి పిడికిళ్లు రెండూ లేచి గాల్లోనే ఆగిపోయాయి. గుద్దడానికి దూరం లేదు. తన్నడానికి కాలు లేవదు, ఎందుకంటే వాడి బరువంతా అప్పటికే ఆ కాలి మీదికి లాగేశాను. అంతే, గడ్డివాము పక్కన వెల్లకిలా పడ్డాడు. లేచి వీపు దులుపుకుంటూ వాడన్న మాట ఇది: ‘‘మమ్మల్ని ఎవరూ ఇట్లా పట్టుకోలేదు మావయ్యా. అక్కడ నేను కొట్టగానే పార్ట్‌నర్ పడిపోతాడు.’’

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు సార్.

వాడు రేపు నిలబడబోయే చోట ఎదుటివాడు పడిపోడు. చైనాతో చేసుకున్న 1996, 2005 ఒప్పందాల వల్ల వాస్తవాధీన రేఖ దగ్గర తోపులాట జరిగినప్పుడు భుజాన తుపాకీ ఉన్నా మనవాళ్లు మామూలుగా పేల్చరు. 2017 ఆగస్టు 15న లడఖ్‌లో పాంగాంగ్ సరస్సు ఒడ్డున రాళ్లు, పిడిగుద్దులు. 2020 మేలో మళ్లీ అక్కడే, తర్వాత సిక్కింలో నాకూ లా దగ్గర. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్. 2022 డిసెంబర్ 9న తవాంగ్ దగ్గర యాంగ్‌ట్సే. అక్కడ జరిగింది చేతులతో కలబడటమేనని పార్లమెంటులోనే చెప్పారు. గల్వాన్‌లో మేకులు దిగ్గొట్టిన రాడ్లకు, రాళ్లకు ఎదురు నిలబడి ఇరవై మంది ప్రాణాలిచ్చారు. వాళ్లను ముందుండి నడిపించిన కల్నల్ సంతోష్ బాబు మా తెలుగువాడు, సూర్యాపేట బిడ్డ. ఆ వార్త విన్న రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆ వీరుల ధైర్యానికి గానీ, వాళ్ల శిక్షణకు గానీ వంక పెట్టే అర్హత నాకు లేదు. వాళ్లు నిలబడిన చోట రేపు నిలబడేవాళ్ల కోసమే నా బాధంతా.

లడఖ్‌లో నేను రెండుసార్లు పనిచేశాను. 14 వేల అడుగుల ఎత్తున గాలి ఎలా ఉంటుందో ఊపిరితిత్తులకు తెలుసు. సముద్ర మట్టంతో పోలిస్తే అక్కడ అందే ఆక్సిజన్ సుమారు 60 శాతమే. పది తన్నులు తన్నేసరికి కళ్లు బైర్లు కమ్ముతాయి. పైన లావు కోటు, కింద మోకాలి దాకా మంచు, లోపల రెండు జతల మేజోళ్లు, బరువు బూట్లు. ఆ బూటుతో కాలు నడుము దాకా లేపితే రెండో కాలు జారుతుంది. చేతులకు రెండు పొరల గ్లౌజులు వేస్తే పిడికిలి సరిగా బిగియదు. బిగించి గుద్దినా అవతలివాడి కోటులో దూది మీద కొట్టినట్టు ఉంటుంది, హెల్మెట్ మీద పడితే మన వేళ్లే విరుగుతాయి. ఒకసారి మా కంపెనీలో బాక్సింగ్ మెడల్ ఉన్న కుర్రాణ్ని, కొల్హాపూర్ నుంచి వచ్చిన ఒక కుస్తీ కుర్రాణ్ని అదే డ్రెస్సులో మంచు మీద నిలబెట్టి చూశాను. బాక్సర్ రెండు దెబ్బలు కొట్టాడు, రెండూ తగిలాయి. కుస్తీ కుర్రాడు అవి కాచుకోకుండానే లోపలికి వచ్చి కోటు పట్టేశాడు. ఇక బాక్సర్ చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆ లావు కోటు దెబ్బకు అడ్డం. అదే కోటు పట్టుకు పిడి. ఇంత చిన్న సంగతిని నాలుగు లేఖల్లో రాశాను సార్.

నా ఒక్కడి అనుభవమే లోకం అనుకోవద్దని ఒక కెప్టెన్ సాబ్ అప్పట్లో అన్నారు, న్యాయమే. అమెరికా సైన్యం 2004 నుంచి 2008 దాకా యుద్ధం నుంచి తిరిగొచ్చిన తమ సైనికులను అడిగి లెక్క తీసింది. 1,226 మందిలో 216 మంది చేతులతో కలబడాల్సి వచ్చిందని చెప్పారు. వాళ్లు వాడిన వాటిలో పట్లు 72.6 శాతం. తుపాకీ మడమతో కొట్టడం లాంటివి 21.9 శాతం. ఉత్త చేత్తో, కాలితో కొట్టింది 5.5 శాతం. ఆ సైన్యంలోనే 1995లో రేంజర్లు తమ పాత పాఠం పక్కనపెట్టి నేల మీది పట్లతో మొదలుపెట్టారు. ఉత్త నేల పట్లు చాలవని తెలిశాక దెబ్బలూ కలిపారు. నేనూ దెబ్బ వద్దని ఏనాడూ అనలేదు. తుపాకీ మడమ, లాఠీ, మోచెయ్యి, తలతో కుమ్మడం అన్నీ కావాలి. కానీ మొదటి పాఠం పట్టు కావాలి.

ఎందుకంటే పట్టును రోజూ పూర్తి బలంతో సాధన చేయొచ్చు. స్నేహితుడి గొంతు మీద పూర్తి బలంతో మోచేత్తో కొట్టలేం కదా, అందుకని ఆ పాఠం ఎప్పుడూ గాల్లోనే జరుగుతుంది. కుస్తీలో అట్లా కాదు. ఎదుటివాడు నిజంగా ఆపుతాడు, నిజంగా లాగుతాడు. ఊపిరి ఆడక, భయం వేసి, చెమట కళ్లల్లో పడి, అయినా ఏదో ఒకటి చేయాలి. ప్రమాదమైన ఎత్తులు తీసేసి, మిగిలినవాటిని బలం దాచుకోకుండా సాధన చేయించడం మీదే జిగోరో కానో 1882లో జూడోను నిలబెట్టాడు. మన తాలింఖానాల్లో, అంతకు ముందు నుంచీ గోదా మట్టిలో జరిగిందీ అదే. కోడి రామమూర్తి నాయుడు గారు పుట్టిన గడ్డ మనది. ఇప్పుడు మా ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు 1.6 కిలోమీటర్ల పరుగు, బీము, తొమ్మిదడుగుల గుంత దూకడం కోసం ఏడాదంతా కష్టపడి సెలెక్ట్ అవుతున్నారు. వాళ్లలో చాలామందిని జీవితంలో ఒక్క మనిషి కూడా గట్టిగా పట్టుకుని ఉండడు.

‘‘కింద పడితే పదిమంది చుట్టూ చేరి రాళ్లతో కొడతారు, కుస్తీ పనికిరాదు’’ అని వాదించేవాళ్లున్నారు. వాళ్ల భయం నిజమే. అందుకే అడుగుతున్నాను. పట్టు తెలియనివాడే ముందు కింద పడతాడు, పడ్డాక లేవలేడు. ఎదుటివాడి మీద ఎక్కి కూర్చోమని నేను చెప్పడం లేదు. నిలబడి పట్టుకోవడం, కాళ్లు తడబడకుండా ఉండటం, లోయ అంచున తోస్తుంటే బరువు కిందికి దించడం, పడితే వెంటనే లేవడం, పక్కవాణ్ని అవతలికి ఈడ్చుకుపోతుంటే వెనక్కి లాగడం. గల్వాన్‌లో నదిలో పడిపోయి, ఆ చలి నీళ్లలో పోయినవాళ్లు ఉన్నారు. అంచు మీద కాలు నిలవడం కన్నా పెద్ద విద్య ఇంకేముంటుంది సార్?

ఇక మ్యాట్ల సంగతి. గల్వాన్ జరిగిన మరుసటి ఏడు మాజీ సైనికుల సమావేశంలో ఒక పెద్ద ఆఫీసర్‌ని కలిసి ఇదంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. ‘‘వచ్చే బ్యాచ్ నుంచి వారానికి మూడు పీరియడ్లు కుస్తీ, జూడో. మ్యాట్లు తెప్పిస్తున్నాం’’ అని నా భుజం మీద చెయ్యి వేసి చెప్పారు. ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పుకుని మురిసిపోయాను. మ్యాట్లు నిజంగానే వచ్చాయి. మా మేనల్లుడు అదే సెంటర్‌లో ట్రైనింగ్ అయ్యాడు, వాడే చెప్పాడు. నీలం రంగు మ్యాట్లు, పైన ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు, స్టోర్ రూంలో సీలింగ్ దాకా పేర్చి తాళం వేసి ఉన్నాయట. వాడు అక్కడున్నన్నాళ్లలో అవి రెండుసార్లే బయటికి వచ్చాయి. రెండుసార్లూ ముఖ్య అతిథి వచ్చిన రోజే, నిప్పు రింగులోంచి దూకేవాళ్లకు దెబ్బ తగలకుండా కింద పరచడానికి. పాడైతే ఎవరు సంతకం పెట్టాలన్న భయంతో స్టోర్‌వాళ్లు ఇవ్వరు, ఉస్తాద్‌లు అడగరు. ఆ మూడు పీరియడ్లు టైంటేబుల్లో ఉన్నాయట, కాకపోతే ఆ టైంలో డెమో రిహార్సల్ జరుగుతుంది. నాలుగేళ్ల సర్వీసులోనే ట్రైనింగ్ కూడా కలిపిన పిల్లలకు ఒక్కో పీరియడ్ ఎంత విలువైందో నాకన్నా మీకే బాగా తెలుసు. ఆ పీరియడ్లు పెంకులు పగలగొట్టడానికి పోతుంటే నా మనసు ఎలా ఊరుకుంటుంది?

దయచేసి ఒక్కసారి కనుక్కోండి. ఏ సెంటర్‌లో ఎన్ని మ్యాట్లు ఉన్నాయి, వారానికి ఎన్ని గంటలు వాడుతున్నారు అని అడగండి. మ్యాట్లు లేని చోట గుంత తవ్వి ఇసుక పోయించండి, ఖర్చే లేదు. పాసింగ్ అవుట్‌కి ముందు ప్రతి కుర్రాణ్నీ తెలియని ఇంకో కుర్రాడితో, ఇద్దరికీ కోట్లూ బూట్లూ వేయించి, రెండు నిమిషాలు కలబడనివ్వండి. డెమోలు వద్దనను, అవి చూసే పిల్లలు సైన్యంలోకి వస్తారు. కానీ ముందు పట్టు నేర్పించండి. కావాలంటే నా సొంత టికెట్ మీద వస్తాను, జీతం వద్దు, భోజనం మెస్సులో పెడితే చాలు. ఒక్క ప్లాటూన్ ఇవ్వండి.

దసరా సెలవులో మా వాడికి ఇంకా పదకొండు రోజులు మిగిలాయి. కళ్లంలో రెండు ట్రాక్టర్ల వాగు ఇసుక పోయించి రోజూ తెల్లవారుజామున దించాను. నా పాత గ్రేట్‌కోటు వాడికి, మా తమ్ముడి రగ్గు కోటు నాకు. మొదటి నాలుగు రోజులు పడటమే. ఏడో రోజు నడుము దించడం వచ్చింది. పదకొండో రోజు నేను ఉన్న బలమంతా పెట్టి కాలర్ పట్టుకుంటే మోచెయ్యి లోపలికి తిప్పి విడిపించుకుని, నన్నే ఒక మోకాలి మీదికి దించాడు. దించి, నా నొప్పి మోకాలికి దెబ్బ తగిలిందేమోనని కంగారుపడ్డాడు. ఇప్పుడు వాడు పైన, మంచులో ఉన్నాడు. మా అక్క రోజూ ఫోన్ చేసి ‘‘తమ్ముడూ, వాడికేం కాదు కదా’’ అని అడుగుతోంది.

పదకొండు రోజుల్లో వచ్చింది సార్. ఆ స్టోర్ తాళం తీయించండి.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక మాజీ హవల్దార్, పీటీ ఉస్తాద్
గిద్దలూరు ప్రాంతం