ఆ ల్యాబ్ మేడమ్ గారికి, ఇంకా చాలామందికి

నాకు ఆటలమ్మ సోకిందేమోనని 28 రోజులు కనిపెట్టుకుని ఉన్న గడువు నిన్నటితో అయిపోయింది. ఒంటి మీద ఒక్క పొక్కు కూడా రాలేదు, జ్వరమూ లేదు. "ఇక భయం లేదమ్మా" అని డాక్టర్ గారు అన్నాక ఇంటికొచ్చి పడుకుంటే పొద్దుగూకే దాకా మెలకువ రాలేదు. కళ్లు ఇంకా మండుతున్నాయి. అయినా ఇది రాయకుండా ఉండలేను.

నాకు ఐదో నెల. పక్కింటి పాప ఒక మధ్యాహ్నమంతా నా ఒళ్లో కూర్చుని బొమ్మలు గీసుకుంది. మర్నాడే ఆ పాపకి ఆటలమ్మ పోసింది. పొక్కులు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది ఇంకొకరికి అంటుకుంటుంది. నాకు చిన్నప్పుడు వచ్చిందో లేదో అమ్మకి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పిల్లలకైతే వచ్చి పోయే జబ్బే, కడుపుతో ఉన్నవాళ్ల సంగతి వేరు. తల్లికి న్యుమోనియాగా ముదరవచ్చు. 13 నుంచి 20 వారాల మధ్య సోకితే, సుమారు నూటికి ఇద్దరు పిల్లలకి చర్మం మీద మచ్చలు, కళ్లలో, కాళ్లూ చేతుల్లో, మెదడులో లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. నూటికి ఇద్దరే కదా అని అందరూ ధైర్యం చెప్పారు. ఆ రోజు నాకు ఆ ఇద్దరే కనబడ్డారు.

ఆస్పత్రిలో ప్రసూతి విభాగం వాళ్లు జనరల్ డాక్టర్‌కి చూపించమన్నారు. అక్కడికి వెళితే, గర్భిణిని మేం చూడం, మళ్లీ పైకే వెళ్లమన్నారు. ఆటలమ్మ అనే మాట వినగానే క్యూలో ఉన్నవాళ్లు దూరం జరిగారు. వాళ్లని తప్పుపట్టను, వాళ్లలోనూ కడుపుతో ఉన్నవాళ్లు ఉన్నారు. చివరికి ఎవరో రక్తపరీక్ష రాసిచ్చారు. ల్యాబ్ కౌంటర్ మూసే వేళైంది, రిపోర్టు రేపు సాయంత్రం అన్నారు. నేను వరండాలో ఓ బెంచీ చివర కూర్చుని ఏడవడం మొదలుపెట్టాను.

అప్పుడు వచ్చారు ఆవిడ. ల్యాబ్‌లో పనిచేసే మేడమ్. డ్యూటీ అయిపోయి, భుజాన బ్యాగు తగిలించుకుని ఇంటికి బయలుదేరిన మనిషి. ఎందుకు ఏడుస్తున్నావని అడిగారు. చెప్పాను. వెనక్కి జరగలేదు. పక్కనే కూర్చుని నా చెయ్యి పట్టుకుని, "నాకు చిన్నప్పుడే వచ్చి పోయింది, నా గురించి బెంగ పెట్టుకోకు. అయినా ఇవాళే నీ నుంచి ఎవరికీ అంటదమ్మా" అన్నారు. పొద్దుటి నుంచి నన్ను ముట్టుకున్న మొదటి మనిషి ఆవిడే. అంతసేపూ ఉగ్గబట్టుకున్నదంతా అక్కడ తెగిపోయింది.

తర్వాత ఆవిడ బ్యాగు లోపల పెట్టి, మళ్లీ కోటు వేసుకుని, నా శాంపిల్ తనే పెట్టారు. రాత్రి రిపోర్టు తీసుకుని బయటికి వచ్చారు. కాగితం మీద నెగెటివ్ అని చూసి మా ఆయన "అమ్మయ్య" అన్నారు. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఇది జబ్బు ఉందో లేదో చెప్పే పరీక్ష కాదనీ, జబ్బుని అడ్డుకునే యాంటీబాడీలు నా ఒంట్లో లేవని దాని అర్థమనీ నిదానంగా చెప్పారు. ఆ కాగితం మా చేతికిచ్చి పంపించేసి ఉంటే మేం సంతోషంగా ఇంటికెళ్లి పడుకునేవాళ్లం. "ఆ యాంటీబాడీలనే బయటి నుంచి ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ ఉంది. 10 రోజుల్లోపు పడాలి, ఎంత తొందరగా పడితే అంత మంచిది" అంటూ డ్యూటీ డాక్టర్‌కి తనే ఫోన్ చేశారు. ఇంజెక్షన్ అక్కడ లేదు. ఎక్కడెక్కడ దొరకవచ్చో తన సొంత ఫోన్ నుంచి ఒక్కొక్కరినీ అడుగుతూ, రిపోర్టు వెనకాల ఎర్ర పెన్నుతో రాస్తూ పోయారు. దొరకదన్నవాటిని కొట్టేశారు. చివరికి ఒకదాని చుట్టూ సున్నా చుట్టి మా చేతిలో పెట్టారు. ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. పేరు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు. మేడమ్, మీ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియడం లేదు.

ఇంజెక్షన్ పడినా పూర్తి భరోసా లేదు. జబ్బు రాకుండా ఆపవచ్చు, వచ్చినా తీవ్రత తగ్గించవచ్చు. మామూలుగా 21 రోజులు చూస్తే చాలు, అది వేసుకుంటే 28 రోజులు చూడాలి. రోజూ అద్దం ముందు నిలబడి వీపూ పొట్టా వెతుక్కోవడమే పని. మా ఆయనా, అమ్మా, అత్తయ్యా వెంటే ఉన్నారు, వాళ్లకి వేరే చెప్పాలా.

ఒక్కటి మాత్రం కడుపు రగిలిపోతోంది. పెళ్లయిన దగ్గర్నుంచి ఎన్నిసార్లు డాక్టర్ల దగ్గరికి వెళ్లానో, ఒక్కరంటే ఒక్కరు "మీకు ఆటలమ్మ వచ్చిందా?" అని అడగలేదు. వేడి దేశాల్లో చిన్నప్పుడు రాకుండా పెద్దయిన వాళ్లు ఎక్కువగానే ఉంటారు. దీనికి టీకా ఉంది. కానీ అది బతికున్న వైరస్‌తో చేసింది కాబట్టి గర్భంతో ఉన్నప్పుడు వేయరు. ముందే వేయించుకుని కనీసం ఒక నెల ఆగాలి. రుబెల్లా అనే ఇంకో వైరస్ జబ్బు టీకా కూడా అంతే. ఒక్క ప్రశ్న ముందు అడిగి ఉంటే ఇదంతా లేదు. పిల్లల కోసం చూస్తున్న వాళ్లు దయచేసి మీరే అడగండి, వాళ్లు అడుగుతారని కూర్చోకండి.

అయ్యో, ముందే చెప్పాల్సింది. పక్కింటి పాప వాళ్లమ్మ పొక్కు కనబడగానే దాచకుండా ఫోన్ చేసింది. తను చెప్పకపోతే మాకు ఇంత టైమ్ ఉండేది కాదు. పాపకి ఎలా ఉందని అందరూ అడుగుతున్నారు, పొక్కులు ఎండి రాలిపోయాయి, ఆడుకుంటోంది. మిగతా గర్భిణుల మధ్యకి రాకూడదని చెకప్ రోజు నన్ను విడిగా ఉంచితే, అక్కడికే వచ్చి బిడ్డ గుండె చప్పుడు వినిపించిన నర్సమ్మకి కూడా దండాలు. కుర్చీ తెచ్చి వేసిన వాచ్‌మన్ అన్నకి. ఆఫీసులో నా పని మోసిన ఇద్దరికీ.

ఇప్పుడే గుర్తొచ్చింది, ఆ ఇంజెక్షన్‌ని రక్తదాతల ప్లాస్మా నుంచే తీస్తారట. ఆ ప్లాస్మా ఇచ్చిన వాళ్లెవరో, వాళ్లకీ దండాలు. ఇంకా ఎవరినైనా మరిచిపోతే ఏమీ అనుకోవద్దు, రేపు లేచాక రాస్తాను.