క్లోరిన్ తగ్గించొద్దు, కలిపే చోటు మార్చించండి
ఆంధ్రప్రదేశ్ గ్రామీణ నీటి సరఫరా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

కాలువలకు నీళ్లు ఆపేశాక డెల్టా శివారు ఊళ్లకు సమ్మర్ స్టోరేజీ ట్యాంకులే దిక్కు. వారాల తరబడి నిలవున్న ఆ నీళ్లలో నాచు పెరుగుతుంది, ఆకూ అలమూ కుళ్లుతాయి. ఆ మురుగుకి క్లోరిన్ తగిలితే ట్రైహాలోమీథేన్లు, హాలోఎసిటిక్ ఆమ్లాలు అనే హానికర రసాయనాలు పుడతాయి. ఇలాంటి నీళ్లు ఏళ్లపాటు తాగినవాళ్లలో మూత్రాశయ క్యాన్సర్ ముప్పు ఎక్కువని వివిధ దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. సముద్రం దగ్గర ఉప్పునీరు చొరబడితే బ్రోమిన్ ఉన్న రకాలు పెరుగుతాయి.

అలాగని క్లోరిన్ తగ్గించమనడం లేదు. టైఫాయిడ్, కామెర్ల ముప్పు అంతకన్నా దగ్గరిది. చివరి కుళాయిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాల్సిందే. మురుగు తీశాకే క్లోరిన్ కలపాలన్నది మా విన్నపం.

నాచు కనబడగానే ట్యాంకులో బ్లీచింగ్ చల్లడం ఎక్కడున్నా ఆపించండి. నాచు కణాలు పగిలి, లోపలి సేంద్రియ పదార్థమంతా నీళ్లలో కలుస్తుంది. ఆ క్లోరిన్ స్లో శాండ్ ఫిల్టరుకి, అంటే నీరు ఇసుకలోంచి నెమ్మదిగా దిగే వడపోత తొట్టికి, చేరితే ఇసుక మీది జీవపొర చచ్చిపోతుంది. నీటిని నిజంగా శుద్ధి చేసేది ఆ పొరే. ఫిల్టరులో నీరు గంటకు 10 నుంచి 20 సెంటీమీటర్ల వేగంతోనే దిగాలి. సరఫరా చాలడం లేదని వేగం పెంచితే మురుగు కిందికి జారుతుంది. పూడుకుపోయినప్పుడు పైన ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుక గీసి తీసి, పొర మళ్లీ కట్టేదాకా కొన్ని రోజులు ఆ నీటిని బయటికి వదిలేయాలి. ఫిల్టరు దాటాక, సంపులోనే క్లోరిన్ కలపాలి.

మోతాదు మగ్గులతో కొలవకూడదు. తాజా బ్లీచింగ్ పొడిలో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. సంచి విప్పి తేమలో ఉంచితే ఆ శాతం పడిపోతుంది. 25 శాతం ఉన్న పొడైతే లక్ష లీటర్లకు 800 గ్రాములు వేస్తే లీటరుకు 2 మిల్లీగ్రాములు అందుతుంది. అందుకే ప్రతి లాటునూ పరీక్షించి మోతాదు లెక్కగట్టాలి.

ఊళ్లలోని కిట్లు క్లోరిన్ వల్ల పుట్టే ఈ రసాయనాలను పట్టలేవు. గ్యాస్ క్రొమటోగ్రఫీ అనే ల్యాబు పరీక్ష కావాలి. నమూనా మండువేసవిలో చివరి కుళాయి దగ్గరే తీయాలి, ఎందుకంటే ఎండకీ, పైపులో నీరు గడిపే సమయానికీ ట్రైహాలోమీథేన్లు పెరుగుతాయి. గాజు సీసాని బుడగ లేకుండా నింపాలి, లేకపోతే అవి ఆవిరైపోతాయి. సోడియం థయోసల్ఫేటుతో క్లోరిన్‌ని ఆపకపోతే సీసాలోనే ఇంకా పుడతాయి. మంచుపెట్టెలో ల్యాబుకి చేర్చాలి.

ఫలితాలను విడివిడిగా చూస్తే మోసపోతాం. ట్రైహాలోమీథేన్లలో రెండింటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక హద్దు లీటరుకు క్లోరోఫామ్ 0.3, బ్రోమోడైక్లోరోమీథేన్ 0.06 మిల్లీగ్రాములు. నీటిలో అవి 0.15, 0.045 ఉంటే రెండూ హద్దులోనే కనబడతాయి. కానీ ఒక్కోదాన్నీ దాని హద్దుతో భాగిస్తే వచ్చే నిష్పత్తులు 0.5, 0.75 కలిపితే 1.25. మొత్తం 1 దాటకూడదని ఆ సంస్థే చెబుతోంది. మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో హాలోఎసిటిక్ ఆమ్లాలకు హద్దే లేదు. అమెరికాలో వాటిలో ఐదింటికీ కలిపి హద్దు లీటరుకు 0.06 మిల్లీగ్రాములు.

వచ్చే వేసవిలోపు ప్రతి సమగ్ర రక్షిత నీటి పథకంలో క్లోరిన్ కలిపే చోటును తనిఖీ చేయించండి. నాలుగు ట్రైహాలోమీథేన్ల అంకెలనూ, వాటి నిష్పత్తుల మొత్తాన్నీ పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టించండి.

ఇట్లు,
నీటి శుద్ధి రంగంలోని ఇంజినీర్లు, రసాయన శాస్త్రవేత్తలు