నడుం నొప్పి గురించి శ్రీనుకి

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. సగం తిట్లే ఉన్నాయి, అంటే ఓపిక బాగానే ఉందన్నమాట.

నడుం నొప్పి భరించలేక వెన్నుపూసల్ని చేత్తో నొక్కి సరిచేసే కైరోప్రాక్టర్ దగ్గరికి పోదామనుకుంటున్నా, పోవచ్చా అని అడిగావు. వద్దని ఒక్క ముక్కలో తేల్చేస్తే వినే రకం కాదు నువ్వు. అందుకే ఇంత రాయాల్సొస్తోంది.

మామూలు నడుం నొప్పికి ఆ వైద్యం కొందరికి హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ నీది మైలోమా, ఓ రకం రక్త క్యాన్సర్. అది మూలుగలో పుట్టి ఎముకని లోపల్నుంచే తినేస్తుంది. పైకి గట్టిగా కనిపించే వెన్నుపూస లోపల చెదపట్టిన దూలంలా ఉండొచ్చు. నువ్వు మింగే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కూడా ఎముకల్ని పలచబరిచేదే. అలాంటి చోట అరచేత్తో ఒక్క ఉదుటున నొక్కితే, టక్కుమన్నది కీలో, విరిగిన పూసో ఎవడికి తెలుస్తుంది? పూస కూలి వెన్నుపామును నొక్కితే కాళ్లే పడిపోవచ్చు.

ఇక ప్లేట్‌లెట్లు. రక్తం గడ్డకట్టించే కణాలవి. మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాల్సినవి చికిత్సలో బాగా పడిపోతాయి. బీపీ పట్టీ కట్టిన చోట కూడా కమిలిపోయిందని నువ్వే రాశావు కదా! ఆ ఒంటిమీద గట్టిగా నొక్కనిస్తావా? మెడ విరవడం సంగతి అసలు ఎత్తకు.

వెన్ను సరిచేస్తే రోగనిరోధక శక్తి పెరుగుతుందని ఎవరో చెప్పారన్నావు. 1895లో అమెరికాలో ఈ వైద్యం మొదలెట్టిన డి.డి. పామర్ కూడా జబ్బుల్లో చాలావాటికి మూలం వెన్నులోనే ఉందన్నాడు. దాంతో రక్త క్యాన్సర్ తగ్గుతుందనడానికి ఋజువు లేదు. నొప్పి తగ్గిస్తానంటే సరే, జబ్బు తగ్గిస్తానన్నవాడి గుమ్మం తొక్కకు.

మరి నొప్పితో చావమంటావా అంటావు. ముందు అది ఎక్కడిదో తేలనీరా. స్కాన్ ముందు పెట్టి, ఏ పూస బలహీనంగా ఉందో మీ డాక్టర్‌ని అడుగు. పూస కుంగితే రేడియేషన్ ఉంది, అందులోకి సిమెంటు ఎక్కించే పద్ధతి ఉంది, ఎముకల కోసం జోలెడ్రోనిక్ యాసిడ్ ఉంది. తెల్లకణాలు పెరగడానికిచ్చే ఇంజెక్షన్‌కి కూడా ఎముకలు పీకుతాయి. వట్టి కండరాల పట్టే అని తేలితే, క్యాన్సర్ రోగులని చూసిన అనుభవమున్న ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లు. కైరోప్రాక్టరే కావాలని మొండికేస్తావా, డాక్టర్ ఒప్పుకుంటే తేలికపాటి మర్దన, సాగదీత వరకే. విరుపులు వద్దు. తాజా రక్తపరీక్ష చూడకుండా చెయ్యేస్తానంటే లేచి వచ్చెయ్. ఐబుప్రొఫెన్ సొంతంగా మింగకు, మైలోమా ఉన్నవాళ్ల కిడ్నీలకి అది పడదు.

మైలోమాకిచ్చే బొర్టెజొమిబ్‌తో వేళ్ల చివర తిమ్మిరి రావచ్చు, అదీ డాక్టర్‌కి చెప్పు. కానీ కాళ్లలో బలం తగ్గినా, మూత్రం అదుపు తప్పినా ఆ క్షణమే ఆసుపత్రికి పరిగెత్తాలి. జ్వరం 100.4 డిగ్రీలు తాకినా అంతే, పారాసిటమాల్ వేసుకుని పడుకోకు.

డాక్టర్‌ని అడగడానికి నీకు మొహమాటమైతే వదినని అడగమను. ఆవిడ ముందు దాటవేయడం ఎవరి వల్లా కాదు. ఆయనేమన్నాడో వెంటనే రాయి, తిట్లు తర్వాత.

నీ
రవి