కార్తీక పౌర్ణమి బీచ్ డ్యూటీ: మీరడిగిన వాటికి

అందరికీ నమస్కారం. ఒంగోలు దగ్గరి కొత్తపట్నంలో సముద్ర స్నానాలకు జనం బాగా వస్తారు కాబట్టి, అక్కడ మునిగేవాళ్లను కాపాడే డ్యూటీ గురించి విడివిడిగా అడిగినవాళ్లందరికీ ఇక్కడే చెప్తున్నా.

ఈ డ్యూటీకి ఈతొస్తే సరిపోతుందా అని అడిగారు. చాలదండీ. చెరువులో ఈత వేరు, అలల్లో ఈత వేరు. అటూ ఇటూ అలలు విరుగుతూ మధ్యలో నీళ్లు నిమ్మళంగా కనిపిస్తే, అక్కడే లోపలికి లాగే ప్రవాహం ఉండొచ్చు. జనం సరిగ్గా అక్కడే దిగుతారు! అందులో చిక్కితే ఒడ్డుకి ఎదురీదొద్దు, తీరం వెంబడి పక్కకు ఈదాలి.

రెస్క్యూ ట్యూబ్ (నీళ్లలో తేలే, తాడు కట్టిన పొడవాటి ఫోమ్ ట్యూబ్) ఎందుకంటే, మునిగేవాడు చేతికి దొరికినదాన్ని వాటేసుకుంటాడు. అది మీ మెడ కాకూడదు. ట్యూబ్ ముందుకు తోసి, మీరు కాస్త ఎడంగా ఉండండి. పరుగెత్తేటప్పుడు దాని తాడు కాళ్లకు చుట్టుకోకుండా చేత్తో పట్టుకోండి. ట్యూబ్ లేనివాళ్లు నీళ్లలోకి దిగొద్దు, ఒడ్డు నుంచే తాడు విసరండి.

బయటికి తెచ్చాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించే పని వద్దు. ఊపిరి ఆడకపోతే ముందు మునిగినవాళ్ల నోట్లోకి మీ నోటితో 5 సార్లు ఊదండి. అప్పటికీ కదలిక లేకపోతే ఛాతీ మీద 30 నొక్కులు, 2 ఊదడాలు, అలా ఆపకుండా. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

విజిల్ ఎవరిది వాళ్లే తెచ్చుకోండి. సాయంత్రం ట్యూబులు మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి, ఇసుకలో వదిలేసి వెళ్లొద్దు ప్లీజ్.