తెగిన టెండన్‌ను ఎన్ని పోగులతో కుట్టారో రాయించండి

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

చేతి టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపి వేళ్ళను కదిలించే తాళ్ళ వంటివి) తెగినవారి చికిత్స గురించి ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మేమిచ్చిన అర్జీలన్నింటికీ ‘సంబంధిత శాఖకు పంపడమైనది’ అన్న జవాబే వచ్చింది. తిరుపతిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న నేను ఇక బహిరంగంగా రాయక తప్పడం లేదు.

మామిడి కాలంలో చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల్లో కాయలు కోసేవారు, చెరకు నరికేవారు నా దగ్గరకు వస్తారు. చాలామందికి గాయం అరచేతి పైమడతకూ వేలి నడిమి కణుపుకూ మధ్యనే ఉంటుంది. రెండు టెండన్లు ఒకే ఇరుకు తొడుగులో సాగే ఆ చోట, వెంటనే కుట్టడానికి ఒకప్పుడు నిపుణులే జంకేవారు. పోగులంటే తెగిన చోటును దాటి రెండు కొసలనూ కలిపే దారపు వరుసలు. రెండు పోగుల కెస్లర్ కుట్టు తేలికగా పడుతుంది గానీ, రోగి తనంతట తాను వేలు ముడిచే బలానికి అది ఆగుతుందన్న భరోసా తక్కువ. నాలుగు పోగుల క్రూసియేట్, అడిలైడ్ కుట్లు, ఆరు పోగుల ఎం-టాంగ్ కుట్టు ఆ బలాన్ని తట్టుకుంటాయి. అయితే పోగులు పెరిగేకొద్దీ టెండన్ లావెక్కి తొడుగులో ఇరుక్కునే ప్రమాదముంది కనుక, చేయి తిరిగిన సర్జన్ కావాలి. చుట్టూ వేసే సన్నని కుట్టును వదిలేయకూడదు. తెగిన కొసల మధ్య 3 మిల్లీమీటర్లకు మించి ఎడం వస్తే అతుకు బలపడదు.

ఇంతటి తేడా ఉన్నా, డిశ్చార్జి కాగితంలో ‘టెండన్ రిపేర్ చేయబడినది’ అన్న ఒక్క ముక్కే ఉంటుంది. రెండు పోగుల కుట్టుపై గట్టిగా ముడిపిస్తే తెగిపోవచ్చు. నాలుగు పోగుల కుట్టు వేసి కూడా కదలనివ్వకపోతే టెండన్ చుట్టూ ఉన్న తొడుగుతో అతుక్కుపోవచ్చు. ఏ కుట్టో తెలియకుండా ఆ వేలిని నేనెలా కదిలించను? మొదటి వారంలోనే మొదలుకావలసిన కదలికకు బదులు, నెల రోజులు పిండికట్టులో ఉంచి, బిగుసుకుపోయాక పంపుతున్నారు. అన్నం కలుపుకోలేని చేతిని చూపి ‘పనిలోకి ఎప్పుడు వెళ్ళవచ్చయ్యా’ అని అడిగే తల్లికి నా దగ్గర జవాబు లేదు. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఆపరేషన్ జరిగినా, వ్యాయామానికి ఆమె కూలి పోగొట్టుకొని, సొంత డబ్బుతో బస్సెక్కి రావలసి వస్తోంది.

అయ్యా, పోగుల సంఖ్యను, ఏ కుట్టు వేశారన్నదాన్ని కాగితంపై రాయడానికి ఖర్చేమీ కాదు. దానిని ఉత్తర్వుతో తప్పనిసరి చేయండి. జిల్లా ఆసుపత్రుల్లో చేతి వ్యాయామానికి శిక్షణ పొందినవారిని నియమించండి, స్ప్లింట్లు (చేతిని, వేళ్ళను సరైన తీరులో పట్టి ఉంచే ఆధారాలు) అక్కడే ఇప్పించండి. రోగిని మొదటి వారంలోనే మా వద్దకు పంపించండి. వచ్చే మామిడి కాలానికి ముందే ఈ ఉత్తర్వు వెలువడాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
తిరుపతికి చెందిన ఒక ఫిజియోథెరపిస్టు